లైసమ్మ ఖాళీ చేసిన చోటు

దేవస్యను పూడ్చిన సాయంత్రం మస్కట్ నుంచి అతని భార్య రోసిలి, తను చేచీ, అంటే అక్కా అని పిలిచే లైసమ్మకి ఫోన్ చేసింది. ఏడుపు అప్పటికే అయిపోయినట్టుంది, గొంతు పొడిబారి ఉంది.

"వీడియో తీసెయ్యకండి చేచీ. నేనిప్పుడు చూడలేను."

"ఎందుకు తీసేస్తాను? ఉంటుంది. నీకు వీలైనప్పుడు చూసుకో" అంది లైసమ్మ.

"వీలా? మేడమ్ శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేతికిస్తుంది. పిల్లలు నిద్ర లేచేలోపు మళ్ళీ లాగేసుకుంటుంది. ఆ కాస్తలో, ఒక చెవి తలుపు దగ్గర పెట్టుకుని, నా మొగుణ్ణి గోతిలోకి దించడం చూడమంటారా? ముక్కలు ముక్కలుగా నేను చూడలేను. నాకొక రోజు దొరకాలి. తలుపేసుకుని, కొవ్వొత్తి వెలిగించుకుని, మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారే చూస్తాను. అప్పటిదాకా ఆయన పోయాడంటే నాకు నమ్మబుద్ధి కాదు."

"ఎన్నాళ్ళయినా ఉంటుంది రోసిలీ."

ఆ మాట లైసమ్మ మనస్ఫూర్తిగానే అంది. వీడియోలన్నీ దాచే చోటుకి తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది మరి.

రోసిలి మస్కట్‌లో ఒకరి ఇంట్లో పనిమనిషి. దేవస్య కేరళలో ముండక్కయం పైన కొండల మీద రబ్బరు చెట్లు గీసి పాలు తీసేవాడు. ఒక వానపొద్దున చెట్ల మధ్యే గుండె ఆగి పడిపోయాడు. రోసిలి పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉంది. "పోయినవాడు ఎలాగూ పోయాడు, నువ్వెళ్ళి చేసేదేముంది?" అందట మేడమ్. మనిషి గుర్తింపు కాగితాన్ని ఇంకో మనిషి బీరువాలో పెట్టి తాళం వేయడం ఏ దేశంలోనూ న్యాయం కాదు. కానీ మా కొండల్లో ఈ సంగతి విని ఎవరూ ఉలిక్కిపడరు. వాతావరణం సంగతి విన్నట్టు వింటారు. అది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఇలా చావుకి రాలేనివాళ్ళుండబట్టే మాత్తుకుట్టికి ఆ ఊళ్ళో పని దొరికింది. ముండక్కయం బస్టాండు వెనక అతనిదొక ఫోటో స్టూడియో. పెళ్ళిళ్ళన్నీ డ్రోన్లు ఎగరేసే కుర్రాళ్ళు పట్టుకుపోయారు. మాత్తుకుట్టికి మిగిలినవి చావులు. ఇక్కడ శవపేటిక చుట్టూ నిలబడేవాళ్ళకంటే కువైట్‌లోనూ దోహాలోనూ ఫోను తెర ముందు కూర్చునేవాళ్ళే ఎక్కువ. చర్చి ఫాదరీ, మా మాటలో అచ్చన్, వచ్చి ప్రార్థన మొదలుపెట్టడం, పేటిక చుట్టూ కుటుంబమంతా నిలబడి ఫోటో దిగడం, ఒక్కొక్కరే వంగి ముద్దుపెట్టడం, సాంబ్రాణిలాంటి కుంతిరిక్కం పొగ, గుప్పెడు మట్టి, అన్నీ నేరుగా పంపిస్తాడు మాత్తుకుట్టి. మొదట్లో అందరూ వాడే ఉచిత వీడియో సైట్లోనే పంపేవాడు. ఒకసారి చర్చిలో క్యాసెట్ పాట పెట్టారు. ఆ పాట హక్కులు ఎవరివో అని సైటు వాళ్ళ యంత్రం ప్రసారాన్ని మధ్యలో తెంచేసింది. తల్లి పేటిక మీద మూత వేస్తుండగా కొడుకులందరికీ తెర నల్లబడింది. ఆ తిట్లు తిన్నాక మాత్తుకుట్టి తనకంటూ సొంత సైటు కావాలనుకున్నాడు. దాన్ని చూసుకోవడానికి లైసమ్మ దొరికింది.

లైసమ్మ, నేను కొచ్చి పక్కన కాక్కనాడ్‌లో ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో పనిచేశాం. అమెరికాలో, ఇంగ్లండులో జనం నెల అద్దెకి వెబ్‌సైటు చోటు కొనుక్కుంటారు. వాళ్ళకి ఏ కష్టం వచ్చినా కేరళలో కూర్చున్న మేం చాట్‌లో జవాబు చెప్పేవాళ్ళం. అక్కడివాళ్ళకి ఆమె లైసమ్మ కాదు, లీసా. నాకూ ఒక దొరసాని పేరు తగిలించారు. ఆ పేరుకి వచ్చిన మెచ్చుకోళ్ళన్నీ ఆ పేరుతోనే పోయాయి.

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే కష్టం ఒకటే. "నా ఖాతా నిండిపోయిందంటున్నారు, నేనేం పెట్టలేదే!" అని. అపరిమితం అని పెద్దక్షరాల్లో అమ్ముతారు, పరిమితి ఎంతో చిన్నక్షరాల్లో రాస్తారు. ఆ చిన్నక్షరాల తరఫున తిట్లు తినడమే మా ఉద్యోగం. ఖాతాలో ఏ ఫోల్డరు ఎంత చోటు తింటోందో చూడటానికి నల్లతెర మీద టైపు చేసే చిన్న ఆజ్ఞ ఒకటుంది. డీయూ అంటారు. దాని వెనక ఒక నక్షత్రం గుర్తు పెడితే, కనిపించే ఫోల్డర్లన్నిటినీ వరసగా తూచి చూపిస్తుంది. ఆ వరసలో బరువైనదాన్ని చూసుకుని, అక్కర్లేనిది తీసేసుకోమని చెప్పాలి. ప్రతివాడికీ అదే చెప్పాలి గనక జవాబు ముందే రాసి పెట్టుకునేవాళ్ళం. అందరి జవాబుల్లోకీ లైసమ్మది బాగుందని ఆఫీసంతా అదే వాడేది. "కంగారు పడకండి, మనమిద్దరం కలిసి చూద్దాం" అని మొదలయ్యేది. ఆ కింద నక్షత్రం పెట్టిన ఆజ్ఞ.

"నీ జవాబు చదివితే నాకే ధైర్యం వస్తుంది చేచీ" అనేదాన్ని.

"నాకు రాదు. మళ్ళీ వాడే వస్తాడు, ఇంకో పేరుతో" అనేది నవ్వకుండా.

ఒక్కో మనిషి ఒకేసారి ముగ్గురు నలుగురితో చాట్ చేయాలి. జవాబు ఆలస్యమైతే తెర మూల ఎర్రబడుతుంది. రాసిపెట్టిన జవాబు సరిగ్గా ఉందా లేదా అని తిరిగి చదువుకునే తీరిక ఎవరికీ ఇవ్వలేదు. అంటించు, పంపు, తర్వాతివాడు. మా వేళ్ళు పనిచేశాయి, తలలు అరిగిపోయాయి.

చివరికి చాట్ చేసే యంత్రం వచ్చింది. దానికి చదువు చెప్పింది మేం రాసిన జవాబులతోనే. చదువు పూర్తయ్యాక మమ్మల్ని మీటింగు గదికి పిలిచి కేకు కోయించి పంపేశారు. మేం కొందరం లేబర్ ఆఫీసు మెట్లెక్కాం. లైసమ్మ రాలేదు.

"నాకు గొంతెత్తడం రాదు. నా వాటా కూడా నువ్వే అరిచెయ్యి" అంది.

తర్వాత కొండల్లోకి తిరిగొచ్చి, స్టూడియో వెనక వీధిలో సగం ఇల్లు అద్దెకి తీసుకుని ఒక్కతే ఉంది. పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళకి "కోటా నిండింది" అనేది. మాత్తుకుట్టి సైటుకి చోటు కూడా ఆమెకి అలవాటైన కంపెనీలోనే కొనిపించింది. చావు ప్రసారం జరిగినంతసేపూ స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మ, శబ్దం తెగిపోకుండా చూసుకునేది. అయిపోయాక వీడియోని సైట్లో భద్రం చేసేది. రోసిలి ఫోన్ చేసి అడిగిందీ ఆ వీడియో గురించే.

రోసిలికి మాటిచ్చాక ఓ వానాకాలం గడిచింది. క్రిస్మస్ నక్షత్రాలు వేలాడదీసే రోజుల్లో ఒక పొద్దున మాత్తుకుట్టి ఫోన్ చేశాడు. పెద్ద కుటుంబం, రిటైరైన హెడ్మాస్టరు శవం ముంగిట్లో ఉంది. అచ్చన్ బయల్దేరాడు. వెనక చెక్కకుర్చీలు విప్పుతున్న చప్పుడు.

"లైసమ్మా, తెర మీద ఏదో ఎర్రగా రాస్తోంది. డిస్క్ ఫుల్లట!"

"చూస్తున్నాను చేట్టా" అంది, అన్నా అన్నట్టుగా.

"చూడ్డానికి టైము లేదు. హెడ్మాస్టరు పెద్దకొడుకు డబ్లిన్లో కోటు వేసుకుని కూర్చున్నాడు. కూతురు కువైట్ నుంచి ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి ఏడ్చింది. ఇప్పుడు ఆగిపోతే నన్ను కూడా ఇదే పేటికలో పడుకోబెడతారు!"

"మీరు పట్టరు చేట్టా. కాస్త ఆగండి."

"ఈ పరిహాసాలు తర్వాత చెయ్యి తల్లీ, ముందు ఆ చోటేదో ఖాళీ చెయ్యి!"

లైసమ్మ నల్లతెర తెరిచింది. వేళ్ళు వాటంతటవే కదిలాయి. డీయూ, వెనక నక్షత్రం. అమెరికా వాళ్ళకి అంటించి పంపిన అదే వరస. ఫోల్డర్లు బరువు ప్రకారం నిలబడ్డాయి. వాటిల్లో బరువంతా పాత వీడియోలదే. అన్నీ కలిపితే ఖాతా నిండేంత అవుతాయా అని కూడి చూసుకోలేదు. ఫోన్లో మాత్తుకుట్టి ఊపిరి వినిపిస్తోంది.

ఏది తీసెయ్యాలి? ఏ చావుకి ఏ చావు చోటివ్వాలి? ఇలాంటి ప్రశ్న ఒక మనిషి ముందు అంత హడావిడిలో పెట్టకూడదు. లైసమ్మకి తోచిన న్యాయం ఒకటే. భద్రం చేసిన ఒక్కో వీడియోని ప్రసారం అయ్యాక ఎంతమంది చూశారో సైటు లెక్క పెడుతుంది. పదేపదే చూసినవి ఎవరికో కావలసినవి. ఒక్కరూ చూడనివి ఎవరికీ అక్కర్లేనివి. అట్లా సున్నా ఉన్నవి కొన్ని తేలాయి. వాటికి మనుషుల పేర్లు లేవు. చనిపోయినవాళ్ళ పేరు ఫైలుకి పెట్టడం మాత్తుకుట్టికి ఇష్టముండదు, "ఫైలు మూసినప్పుడల్లా వాళ్ళని ఇంకోసారి మూసినట్టుంటుంది" అంటాడు. తేదీ, చర్చి పేరు, అంతే.

లైసమ్మ ఆ సున్నాలని తీసేసింది. నల్లతెర మీద తీసెయ్యడమంటే తీసెయ్యడమే. నిజమా అని అడగదు, బుట్టలో వెయ్యదు.

"ఇప్పుడు చూడండి చేట్టా."

"వచ్చింది! వచ్చింది! నువ్వు దేవతవి!"

హెడ్మాస్టరు అంత్యక్రియలు చక్కగా జరిగాయి. డబ్లిన్ కొడుకు ధన్యవాదాలు పంపాడు. మాత్తుకుట్టి వాళ్ళింట్లో గంజీ పెసరకూరా తిని, లైసమ్మకి కూడా ఒక టిఫిన్ డబ్బా కట్టించి తెచ్చాడు. ఆమె తింది.

రోసిలి ఫోన్ మేడమ్ వాళ్ళకి సెలవులొచ్చినప్పుడు వచ్చింది. శుక్రవారం కాదు. గొంతులో ఏదో హడావిడి, పండగ ముందు రోజు మనిషిలాగా.

"చేచీ, నాకు రోజు దొరికింది."

"ఊరికొస్తున్నావా?"

"ఊరా! మేడమ్ వాళ్ళంతా షికారుకి పోయారు. నన్ను లోపల పెట్టి బయట తాళం వేసుకుపోయారు. మొక్కలకి నీళ్ళు పొయ్యాలి, పిల్లికి అన్నం పెట్టాలి కదా, ఫోను మాత్రం నా దగ్గరే వదిలేశారు. రేపంతా నాదే."

"తాళం వేసుకుపోయారా?" అంది లైసమ్మ.

"అదెప్పుడూ ఉండేదేలెండి. ఇంట్లో అన్నముంది, నాకేం. చేచీ, నల్ల గుడ్డ ఒకటి దొరికింది తలకి కట్టుకోడానికి. కొవ్వొత్తి కూడా ఉంది, పిల్లాడి పుట్టినరోజుది. చిన్నదే, రంగుది. పరవాలేదా?"

"పరవాలేదు."

"లింకు పంపండి. పొద్దున్నే స్నానం చేసి కూర్చుంటాను."

లైసమ్మ సైటు తెరిచి దేవస్య చర్చి పేరు వెతికింది. తేదీ వెతికింది. మళ్ళీ వెతికింది. అప్పుడు ఆమెకి ఆ పొద్దుటి సున్నాలు గుర్తొచ్చాయి. ఎవరూ చూడని వీడియో ఎవరికీ అక్కర్లేనిదని అనుకుంది. చూడాల్సిన ఒక్క మనిషికి చూడటానికి రోజు ఇవ్వలేదు ఎవరూ, అందుకే అది సున్నా.

వెంటనే మాత్తుకుట్టి దగ్గరికి నడిచింది. కెమెరా కార్డు ఎప్పుడో తుడిచి వాడేశాడతను. దేవస్య తమ్ముడికి ఫోన్ చేస్తే, అతని దగ్గర పేటిక చుట్టూ నిలబడ్డ ఫోటో ఒకటుంది, అందులో దేవస్య ముఖానికి అడ్డంగా ఎవరిదో మోచెయ్యి. అందరూ మాత్తుకుట్టి తీస్తున్నాడు కదా అని ఫోన్లు జేబులో పెట్టుకున్నారు.

అప్పుడే నాకూ ఫోన్ చేసింది. "మనవాళ్ళెవరైనా ఇంకా ఆ కంపెనీ సర్వర్ల దగ్గర ఉన్నారా?" అని.

"ఒక్కరు కూడా లేరు చేచీ. అంతా యంత్రమే. ఏమైంది?"

చెప్పింది.

ఇక మిగిలింది కంపెనీ సహాయం. జన్మలో మొదటిసారి లైసమ్మ చాట్‌కి అవతలి వైపు కూర్చుంది. ఖాతాలో ఫైళ్ళు పోయాయి, మీ దగ్గర నకలు ఉంటే తిరిగి ఇవ్వండి అని రాసింది. ఒక రెప్పపాటులో జవాబొచ్చింది.

"కంగారు పడకండి, మనమిద్దరం కలిసి చూద్దాం."

ఆ మాట చూసి ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయిందట. తన వాక్యమే. చివర వేసిన చుక్కతో సహా తనదే.

కలిసి చూసినందువల్ల తేలింది ఇది. మీ ఖాతా ఒక హద్దు దాటి పెరిగింది గనక, నిబంధనల ప్రకారం మేం దాని నకలు తియ్యడం మానేశాం. ఇంకేమైనా సహాయం కావాలా? మళ్ళీ ఇలా నిండకుండా ఉండాలంటే కింది ఆజ్ఞ వాడి ఏది ఎక్కువ చోటు తింటోందో చూసుకోండి. ఆ కింద, డీయూ. వెనక నక్షత్రం.

కొనుక్కున్న మనిషిలాగా ఆ వరస చదివినప్పుడు గానీ ఆమెకి కనిపించలేదు. పేరుకి ముందు చుక్క ఉన్న ఫోల్డర్లని నక్షత్రం చూడదు. అవి దాపుడు ఫోల్డర్లు. ఉంటాయి, చోటు తింటాయి, కోటాలో లెక్కకొస్తాయి, ఆ వరసలో మాత్రం నిలబడవు. ఇది లైసమ్మకి తెలియని సంగతి కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే మాకందరికీ చెప్పారు. జవాబు రాసేటప్పుడు ఎవరికీ గుర్తులేదు, అంటించేటప్పుడు గుర్తుచేసుకునే వ్యవధి లేదు. ఎందరు అమెరికావాళ్ళు మా మాట విని తప్పు ఫోల్డరు తీసేసుకున్నారో ఎవరికి తెలుసు? వాళ్ళలో చాలామంది చివర్లో ధన్యవాదాలు కూడా చెప్పారు. ఇప్పుడు యంత్రం అదే తప్పుని, మేమెన్నడూ అందుకోలేనంత వేగంగా, మా మర్యాదతోనే పంచుతోంది. తప్పు మాది అనడం తేలిక. తిరిగి చదువుకునే తీరిక మా దగ్గర్నుంచి ఎవరు కోసుకున్నారో కూడా చెప్పాలి.

లైసమ్మ ఈసారి చుక్క పేర్లని కూడా చూడమని ఆజ్ఞ మార్చి రాసింది. వరస మళ్ళీ వచ్చింది. అన్నిటికంటే పైన, మిగతావన్నీ కలిపినదానికంటే బరువుగా, చెత్తబుట్ట నిలబడింది.

మాత్తుకుట్టి నల్లతెర జోలికి రాడు. ఏదైనా తీసెయ్యాలంటే సైటు పేజీలో మౌసుతో నొక్కుతాడు. అట్లా నొక్కినవన్నీ ఆ దాపుడు బుట్టలోకి పోయి పడుంటాయి. మొదటి రోజు నుంచీ అతను పారేసిందంతా అందులోనే ఉంది.

"అవన్నీ నేను ఎప్పుడో పారేసినవే!" అన్నాడు మాత్తుకుట్టి.

"పారేశారు. బుట్ట ఖాళీ చెయ్యలేదు."

"బుట్టొకటి ఉందని నాకెవరు చెప్పారు? నువ్వు చెప్పావా?"

"లేదు."

"అంటే ఆ రోజు... ఈ బుట్ట ఒక్కటి తుడిచేస్తే సరిపోయేదా?"

లైసమ్మ తలూపింది. మాత్తుకుట్టి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. కాసేపటికి "టీ తాగుతావా?" అని అడిగాడు. ఆమె వినిపించుకోలేదు. బుట్టలో ఉన్నవి ఒక్కొక్కటే తెరుస్తోంది.

మాత్తుకుట్టికి ఒక అలవాటుంది. సిగ్నల్ చూసుకోవడానికని అందరికంటే ముందే వెళ్ళి కెమెరా నిలబెట్టి నడిపిస్తాడు. జనం రాకముందు తీసిన ఆ ముక్క వేరే ఫైలుగా పడుతుంది. అది ఎవరికీ పనికిరాదని తర్వాత పారేస్తాడు. బుట్ట నిండా అవే. ముంగిట్లో టార్పాలిన్ కట్టడం, కుర్చీలు విప్పడం, ఒక కుక్కని అదిలించడం, మైకులో "హలో, హలో". ఇంటి తరవాత ఇల్లు, శవం పక్కన ఇంకా ఎవరూ లేని గంట. అలాంటి వాటిల్లో దేవస్య ఇల్లు కనిపించింది.

వాన పడుతోంది. వసారాలో అద్దం మూతున్న ఫ్రీజర్ పెట్టె, లోపల దేవస్య. చలికి అద్దం మీద ఆవిరి పట్టి ముఖం మసకబారుతోంది. ఒకావిడ లోపలికొచ్చి, ఎటూ చూడకుండా, చీరచెంగుతో అద్దం తుడిచింది. ముఖం కనిపించింది. ఆవిడ పక్కన నిలబడింది. మళ్ళీ ఆవిరి పట్టింది. మళ్ళీ తుడిచింది. ముంగిట్లో ఎవరో "మొన్న గీసిన చెట్ల చిప్పలన్నీ వాననీళ్ళతో నిండాయిరా, పాలన్నీ పోయాయి" అంటున్నారు. "ఎవరికి కావాలి ఇప్పుడు" అన్నాడు ఇంకొకడు. ఆవిడ తుడుస్తూనే ఉంది. మనుషులు రావడం మొదలవగానే చెంగు దులుపుకుని తప్పుకుంది. ఆ ముక్క అక్కడితో అయిపోయింది.

పొద్దున్నే లైసమ్మే ఫోన్ చేసింది. ఉన్నదున్నట్టు చెప్పింది. చోటు లేకపోవడం, సున్నా చూడటం, తీసెయ్యడం.

వెనక ఎక్కడో పిల్లి అరుస్తోంది.

"మీరు కూడానా చేచీ?" అంది రోసిలి. "మేడమ్ పాస్‌పోర్టు తీసుకుంది. మీరిది తీసుకున్నారు. ఇంకెవరైనా మిగిలారా తీసుకోడానికి?"

"నన్ను తిట్టు రోసిలీ."

"తిడితే వస్తుందా?"

"రాదు. ఒక ముక్క ఉంది. జనం రాకముందుది. ప్రార్థన లేదు, అచ్చన్ లేడు. ఆయన ముఖం మాత్రం కనిపిస్తుంది, కాస్త. పంపనా?"

రోసిలి ఫోను పెట్టేసింది. లైసమ్మ పంపింది. ఎండ ముదిరాక రోసిలి మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి ఏడ్చిందని తెలుస్తోంది.

"అద్దం తుడుస్తున్నదెవరో తెలుసా మీకు?"

"తెలియదు. మీ బంధువేమో అనుకున్నాను."

"పక్కింటి ఏలియామ్మ. మా పనసచెట్టు కొమ్మ వాళ్ళ కప్పు మీదికొచ్చిందని పంచాయితీ పెట్టి కొట్టించింది. అప్పట్నుంచీ మాకూ వాళ్ళకీ మాటల్లేవు. నేనుంటే గడప తొక్కనిచ్చేదాన్ని కాదు." ముక్కు ఎగబీల్చింది. "తర్వాతేమైంది చేచీ? చర్చికి మోసుకుపోయేటప్పుడు వాన తగ్గిందా? ముఖం మీద గుడ్డ కప్పింది ఎవరు? తమ్ముడేనా? గోతిలోకి దించేటప్పుడు పేటిక వంగలేదు కదా, ఆయన పక్కకి ఒరిగితే పడుకోలేడు, నడుం నొప్పి. మీరు చూశారు కదా, ఆ రోజంతా మీరే కదా కంప్యూటర్ ముందు కూర్చుంది. చూసింది చూసినట్టు చెప్పండి. కళ్ళు మూసుకుని వింటాను."

లైసమ్మ చెబుదామనే నోరు తెరిచింది. ఏమీ దొరకలేదు. బొమ్మ కింద పచ్చగా ఎర్రగా మారే గీతలు గుర్తున్నాయి. చర్చి మలుపులో సిగ్నల్ పడిపోవడం, మళ్ళీ అందుకోవడం గుర్తుంది. పాట మొదలైనప్పుడు శబ్దం పగిలితే తగ్గించడం గుర్తుంది. అబద్ధం చెప్పొచ్చు, ఆ నోటికి ధైర్యం చెప్పే మాటలు కొత్తా? వాన తగ్గింది, పేటిక వంగలేదు, తమ్ముడే కప్పాడు అనేస్తే సరిపోయేది. అనలేకపోయింది.

"నేను సిగ్నల్ చూశాను రోసిలీ. తెగిపోకుండా చూశాను. ఆయన్ని చూడలేదు."

"అయితే ఆ వీడియోని నిజంగానే ఎవరూ చూడలేదన్నమాట."

"ఎవరూ చూడలేదు."

మస్కట్‌లో తాళం వేసిన ఇంట్లో పిల్లి మళ్ళీ అరిచింది. రోసిలి దాన్ని కసిరింది, అంతలోనే దగ్గరికి పిలిచింది.

"కొవ్వొత్తి వెలిగించే ఉంచాను" అంది. "పూడ్చడం అయ్యాక ఆర్పుదామనుకున్నాను. ఇప్పుడేం చెయ్యను?"

"ఉండనీ. నేను లైన్లోనే ఉంటాను."

పిల్లాడి పుట్టినరోజు కొవ్వొత్తి, గులాబీ రంగుది, వేలంత లేదు. అది కొండెక్కిందని రోసిలి చెప్పేదాకా ఇద్దరూ ఫోను పెట్టలేదు.